ఆర్డర్ ఆఫ్ ద స్టిక్‌లో ఎవరు మంచోళ్ళు, ఎవరు చెడ్డోళ్ళు: తరచుగా అడిగే ప్రశ్నలు

ముందే చెప్తున్నా, కింద కథలో ట్విస్టులన్నీ బయటపెట్టేశా. ఇంకా చదవనివాళ్ళు ముందు కామిక్ చదివి రండి, ఫ్రీనే. చదివినవాళ్ళు నన్ను అడిగేవి మాత్రం ఎప్పుడూ ఇవే, అందుకే ఒకేచోట రాసి పడేస్తున్నా, ఇకపై ఎవరడిగినా ఇదే పంపుతా.

అసలు ఇదేంటి, ఒక్క ముక్కలో చెప్పు?

రిచ్ బర్లూ అనే అమెరికన్ 2003 నుంచి నెట్‌లో వేస్తున్న కామిక్. బొమ్మలు చూస్తే ఒకటో క్లాసు పిల్లోడు గీసినట్టుంటాయి, గుండ్రటి తల, పుల్లల్లాంటి కాళ్ళు చేతులు, పేరులో స్టిక్ అందుకే. అది చూసి నవ్వి వదిలేయకండి, వెయ్యి స్ట్రిప్పులు ఎప్పుడో దాటేసిన కథ ఇది, మధ్యలో ఎక్కడో ఆ పుల్లబొమ్మలే మనల్ని ఏడిపిస్తాయి. ఈ లోకంలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (నలుగురు కూర్చుని, పాచికలేస్తూ, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆడే ఆట) రూల్స్ నిజంగా నడుస్తాయి, ఆ సంగతి పాత్రలకి కూడా తెలుసు. మొట్టమొదటి జోకే ఆట 3.0 నుంచి 3.5 ఎడిషన్‌కి మారడం మీద. 2012లో పాత పుస్తకాలు మళ్ళీ అచ్చేయడానికి కిక్‌స్టార్టర్‌లో (జనం నుంచి చందాలు తీసుకునే సైట్) 57,750 డాలర్లు అడిగితే పన్నెండున్నర లక్షల డాలర్లు దాటి వచ్చి పడ్డాయి.

ఎలైన్‌మెంట్ అంటే?

ప్రతి పాత్రకీ రెండు ప్రశ్నలు. ఒకటి, ఎదుటోడి గురించి పట్టించుకుంటావా (గుడ్), తొక్కేస్తావా (ఈవిల్), మధ్యలో ఉంటావా (న్యూట్రల్). రెండు, కట్టుబాటు ప్రకారం నడుస్తావా (లాఫుల్), నా ఇష్టం నాది అంటావా (కేయాటిక్), ఈ రెండింటికీ మధ్యనా (న్యూట్రల్). మూడు మూళ్ళు తొమ్మిది గళ్ళు. 1974లో ఆట మొదలైనప్పుడు లా, న్యూట్రల్, కేయాస్ అని మూడే ఉండేవి, మంచీ చెడూ అనే గీతే లేదు. అది తర్వాత కలిపారు, 1978లో ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వచ్చేసరికి తొమ్మిదయ్యాయి.

లాఫుల్ అంటే చట్టాన్ని పాటించేవాడనే కదా?

కాదు బాబూ. సగం గొడవలు ఈ అనువాదం వల్లే వస్తున్నాయి. చట్టం అనుకుంటే ప్రతి దొంగా కేయాటిక్, ప్రతి పోలీసూ లాఫుల్ అయిపోతారు. నేనైతే కట్టుబాటు అంటా. ఇచ్చిన మాట, పెట్టుకున్న నియమం, కులవృత్తో గురువో రాజో దేవుడో ఒకదానికి లోబడి ఉండటం. భీష్ముడిని తలుచుకోండి, ఆయన ప్రతిజ్ఞ ఏ శిక్షాస్మృతిలోనూ లేదు, అయినా చచ్చేదాకా దాన్ని దాటలేదు, దాని వల్ల ఎంత చెడు జరిగినా సరే. లాఫుల్ అన్నది మంచికి ఇంకో పేరు కాదని అర్థం కావడానికి ఆయన ఒక్కడు చాలు.

మన టీమ్‌లో ఎవరెవరు ఏంటి?

రాయ్ (ఫైటర్, లీడర్) లాఫుల్ గుడ్. డర్కన్ (థోర్ దేవుడి పూజారి, మరుగుజ్జు) లాఫుల్ గుడ్. హేలీ (దొంగ) కేయాటిక్ గుడ్. ఎలన్ (పాటలు పాడే బార్డ్) కేయాటిక్ గుడ్. వారసూవియస్ (మాంత్రిక ఎల్ఫ్) ట్రూ న్యూట్రల్. బెల్కర్ (పొట్టి హాఫ్లింగ్) కేయాటిక్ ఈవిల్. అవును, హీరోల టీమ్‌లోనే ఒక ఈవిల్ ఉన్నాడు, కింద చెప్తా.

హేలీ దొంగ కదా, గుడ్ ఎలా అయింది?

దొంగతనం ఆమె ఉద్యోగం. ఆ డబ్బు కూడబెట్టేది దూరదేశంలో జైల్లో పడిన నాన్నని విడిపించుకోడానికి. సంపాదించిన బంగారమంతా ఒక్కసారి పోయినప్పుడు షాక్‌లో మాటే పోయింది పిల్లకి, చాలా స్ట్రిప్పుల పాటు రహస్య లిపిలోనే మాట్లాడుతుంది. సరే, దొంగిలించడం అంటే సరదా కూడానే అనుకోండి, అందులో అబద్ధమేం లేదు.

రాయ్ ఎప్పుడు చూసినా విసుక్కుంటాడు, వెటకారం, అబద్ధాలు కూడా ఆడతాడు. వాడు లాఫుల్ గుడ్ ఏంటి?

ఇదే ప్రశ్న కామిక్‌లో స్వర్గం గుమ్మం దగ్గర రాయ్‌నే అడుగుతారు. నాకు మొత్తం కథలో బాగా నచ్చిన భాగం అదే. అజూర్ సిటీ అనే నగరం కోసం జరిగిన యుద్ధంలో, కథకి అసలు విలన్ అయిన మాంత్రికుడు జైకన్ ఎక్కిన జాంబీ డ్రాగన్ మీద నుంచి కిందపడి చచ్చిపోతాడు, పైకి వెళ్తే ఒక దేవకన్య ఫైలు తీసుకుని కూర్చుంటుంది, అచ్చం మన చిత్రగుప్తుడి సీనే గానీ ఆఫీసు ఇంటర్వ్యూలా నడుస్తుంది. చిన్న చిన్న తప్పులు చాలానే తీస్తుంది. పెద్దది ఒకటుంది, ఎలన్‌ని బందిపోట్లు ఎత్తుకుపోయినప్పుడు వీడొక గుదిబండ, పోతే పోనీ అని రాయ్ వదిలేసి వెళ్ళబోయాడు. స్నేహితుణ్ణి చావుకి వదిలేయడం. అక్కడ రాయ్ దగ్గర సమాధానం లేదు. తర్వాత మనసు మార్చుకుని వెనక్కెళ్ళాడు కాబట్టి బతికిపోయాడు, లేకపోతే ఆ గుమ్మం దాటేవాడు కాదు.

చివరికి ఆమె తేల్చేది ఏంటంటే, నువ్వు నీ గడిలో పర్ఫెక్ట్‌గా లేవు, కానీ అక్కడుండాలని ప్రతిసారీ ప్రయత్నిస్తున్నావు, తప్పు చేస్తే నీకే నచ్చట్లేదు, మళ్ళీ లేస్తున్నావు, అది చాలు. ఇదే లెక్క రాయ్ వాళ్ళ నాన్నకి రివర్స్‌లో తగులుతుంది, ఆయనా జైకన్‌ని చంపుతానని ప్రమాణం చేశాడు కానీ విసుగొచ్చి మానేశాడు, అందుకే లోపలికి వెళ్ళలేక మబ్బు మీదే కూర్చున్నాడు. రాయ్ కూడా ఆ పని పూర్తిచేయలేదు, కానీ చేస్తూ చచ్చిపోయాడు. తేడా అంతే.

ధర్మరాజుకి అశ్వత్థామ ముక్క కోసం కాసేపు నరకం చూపించారు కదా, ఆ కథ విని పెరిగినవాళ్ళకి ఈ సీన్ కొత్తగా అనిపించదు, ఇంకొంచెం దగ్గరగా అనిపిస్తుంది. అమెరికాలో చదివినవాళ్ళు దీన్ని ఎంత కొత్త ఐడియా అన్నారో, నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

మరి బెల్కర్‌ని పక్కన పెట్టుకోవడం తప్పు కాదా?

దేవకన్య ఇదీ అడిగింది. రాయ్ జవాబు, వీణ్ణి వదిలేస్తే ఊళ్ళ మీద పడతాడు, జైల్లో పెడితే కాపలావాళ్ళని చంపి బయటికొస్తాడు, నా పక్కనుంటే కనీసం వాడి కత్తి సరైన వైపు తిరుగుతుంది, వాడు చేసే చెడుని రోజూ నేనే ఆపుతున్నా. ఆమె ఒప్పుకుంది. నేను సగం ఒప్పుకుంటా. ఆ లెక్కలో బెల్కర్ చేతిలో పోయిన వాళ్ళెవరూ ఓటేయలేదు కదా.

బెల్కర్ మారిపోయాడా లేదా? మా ఫ్రెండ్స్‌లో రెండు గ్రూపులైపోయాయి.

మారుతున్నాడు అనడం కరెక్ట్, మారిపోయాడు అనడం తప్పు. సీక్వెన్స్ చూడండి. మొదట్లో వీడికి డర్కన్ వివేకం పెంచే మంత్రం వేస్తే కాసేపు పశ్చాత్తాపపడి, మంత్రం దిగగానే మామూలైపోతాడు, అది జోక్. తర్వాత అజూర్ సిటీని ఏలే షోజో ప్రభువు వీడికి ఒక శాపం తగిలిస్తాడు, ఊరి పొలిమేర లోపల ఎవర్నైనా చంపితే జబ్బుపడేలా. వీడు ఒక జోస్యుణ్ణి అడవిలోనే కదా అని చంపేస్తాడు, తీరా చూస్తే ఆ పెద్దమనిషి ముందే ఆ చోటుని ఊరుగా మార్చుకుని ఉన్నాడు, శాపం తగులుకుంది (ఈ జోక్‌కి నేను మూడు రోజులు నవ్వా). జబ్బుతో పడి ఉన్నప్పుడు కలలో చచ్చిపోయిన షోజో కనపడి చెప్పేది, నువ్వు మారక్కర్లేదురా, మారినట్టు నటించు చాలు, నలుగురిలో ఇముడు.

వాడు నటించడం మొదలుపెట్టాడు. షోజో పిల్లి వీడి దగ్గర చేరింది. ఎడారి పిరమిడ్ దగ్గర మాలక్ అనే రక్తపిశాచి బెల్కర్ రక్తం తాగుతుంటే డర్కన్ అడ్డం వెళ్ళి తనే బలైపోయి పిశాచిగా లేచాడు. మిగతావాళ్ళందరూ ఆ పిశాచిని మన డర్కనే అనుకుని కౌగిలించుకుంటుంటే, వాడు డర్కన్ కాదు, శత్రువు అని మొత్తుకున్నది ఒక్క బెల్కర్. ఎవడూ నమ్మలేదు, ఎందుకంటే చెప్పేది బెల్కర్. నటన ఎక్కడ ఆగింది, నిజం ఎక్కడ మొదలైంది అని ఒక స్ట్రిప్ నంబర్ చూపించమంటే నేను చూపించలేను, చూపిస్తానన్నవాణ్ణి నమ్మను కూడా. ఈవిల్ అన్న గడి అలాగే ఉంది, లోపల మనిషి కదులుతున్నాడు.

మీకో మియజాకి లాఫుల్ గుడ్ కదా, మరి అంత చిరాకెందుకు పుట్టిస్తుంది?

ఎందుకంటే మనందరికీ ఒక మీకో తెలుసు. అపార్ట్‌మెంట్ కమిటీలో ఉంటుంది, చదువుకునేటప్పుడు క్లాస్ లీడర్‌గా ఉండేది, ఎప్పుడూ నియమం తన వైపే ఉంటుంది. పాపం కష్టపడుతుంది, లంచం తినదు, భయపడదు. కానీ తన అనుమానమే దేవుడి మాట అనుకుంటుంది, అదీ జబ్బు.

మీకో పాలడిన్, అంటే దేవుళ్ళు శక్తినిచ్చిన ధర్మయోధురాలు. 3.5 రూల్స్‌లో పాలడిన్ కచ్చితంగా లాఫుల్ గుడ్ అయ్యుండాలి, తెలిసి ఒక్క చెడ్డపని చేసినా శక్తులు పోతాయి. ఆమె తన సొంత ప్రభువు షోజో రహస్యాలు చాటుగా విని, వీడు జైకన్‌తో కుమ్మక్కయ్యాడని తనకి తనే తీర్పు చెప్పుకుని, నిలబెట్టి నరికేసింది. ముసలాయన, చేతిలో ఆయుధం లేదు. షోజో అబద్ధాలాడాడు, పిచ్చోడిలా నటించాడు, విచారణని ముందే సెట్ చేశాడు, అన్నీ నిజమే, ఆయన పక్కా కేయాటిక్ గుడ్. కానీ కుమ్మక్కు మాత్రం అబద్ధం. అక్కడికక్కడే దేవుళ్ళు ఆమె శక్తులు లాగేసుకున్నారు.

అంటే మీకో ఈవిల్ అయిపోయిందా?

లేదు, ఇది చాలామంది కలిపేసుకునే పాయింట్. పాలడిన్ హోదా పోవడం వేరు, ఎలైన్‌మెంట్ మారడం వేరు. ఒక్క పనికి లైసెన్సు పోవచ్చు, మనిషి మారడానికి చాలా పనులు కావాలి. నా ఉద్దేశంలో ఆమె చచ్చేదాకా లాఫులే, గుడ్ అంచు మీద ఊగుతూ ఉంది. రూల్స్‌లో ప్రాయశ్చిత్తం అని ఒక మంత్రం కూడా ఉంది, అడిగితే దొరికేది. అడగాలంటే ముందు నేను తప్పు చేశా అని నోటితో అనాలి, అది ఆమె వల్ల కాలేదు. ఇదంతా దేవుడు నన్ను పెద్ద పనికి ఎంచుకున్నాడనడానికి గుర్తు అనుకుంది. ఆ నమ్మకంతోనే, దెయ్యాలై లేచిన పాత పాలడిన్లు జైకన్నీ, అతనితో ఉండే గోబ్లిన్ పూజారి రెడ్‌క్లోక్‌నీ దాదాపు ముగించేస్తున్న నిమిషంలో వచ్చి, ఆ విలన్లు దేనికోసం వచ్చారో ఆ నీలమణిని పగలగొట్టింది. కోట పేలిపోయింది, విలన్లు తప్పించుకున్నారు, తను రెండు ముక్కలైంది.

చివర్లో తన గుర్రాన్ని మళ్ళీ చూడగలనా అని అడుగుతుంది. అంతకుముందు వంద స్ట్రిప్పులు ఆమెని తిట్టుకుంటూ చదివిన నాకు ఆ ఒక్క ప్రశ్న దగ్గర గొంతు పట్టేసింది.

పాలడిన్లకి చెడుని కనిపెట్టే శక్తి ఉంది కదా, ఇంక గొడవేంటి?

ఆ శక్తి పెట్టుకునే మీకో రాయ్‌ని దుర్మార్గుడు అనుకుంది. నిజానికి అక్కడ మెరిసింది రాయ్ సంచిలో ఉన్న జైకన్ కిరీటం. పైగా రూల్స్ ప్రకారం పల్చటి సీసం రేకు అడ్డం పెడితే ఆ చూపు ఆగిపోతుంది. ఇక ఈవిల్ అని తేలినా, వాడు ఈరోజు ఏం తప్పు చేశాడో ఆ మంత్రం చెప్పదు.

వారసూవియస్ మగా, ఆడా?

రచయిత కావాలనే చెప్పలేదు, కామిక్‌లో పాత్రలు కూడా తికమకపడతాయి. ఇంగ్లీషువాళ్ళు సర్వనామాల దగ్గర తల పట్టుకుంటారు, మనకి అదృష్టం, గారు తగిలించి "చేశారు, వెళ్ళారు" అంటే సరిపోతుంది. అందుకే నేను వి గారు అంటా.

వి గారు అంతమందిని చంపాక కూడా న్యూట్రల్ ఏంటండీ? ఇది మోసం కాదా?

ఈ ప్రశ్నకే ఈ పేజీ మొత్తం రాశానేమో. నెమ్మదిగా వెళ్దాం.

ఒక నల్ల డ్రాగన్ పిల్లని వీళ్ళ టీమ్ పాత క్వెస్ట్‌లో చంపింది, ఆ దెబ్బ వేసింది వి గారే. చాలా కాలానికి తల్లి డ్రాగన్ వస్తుంది, నువ్వు నా బిడ్డని చంపావు, నేను నీ పిల్లల్ని చంపుతా అంటుంది. అప్పటికే వి గారు నిద్రలేక, టీమ్‌ని వదిలేసి, నా మంత్రం చాలట్లేదు అన్న కుళ్ళుతో ఉన్నారు. ఆ సమయంలో ముగ్గురు పాతాళ పిశాచాలు బేరం పెడతారు, మూడు దుష్ట మాంత్రికుల ఆత్మల్ని నీకు అతికిస్తాం, తర్వాత నీ ఆత్మని కొంతకాలం మాకు ఇవ్వాలి. వేరే దారి కూడా ఉంది, అహం చంపుకుని ఇంకొకరి సాయం అడగడం. వి గారు బేరానికే ఒప్పుకున్నారు.

పిల్లల్ని కాపాడుకున్నారు, అక్కడితో ఆగితే ఎవరూ ఏమీ అనరు. ఆగలేదు. చచ్చిన తల్లి డ్రాగన్ తలకి మళ్ళీ ప్రాణం పోసి, చూడు అని, ఆ రక్తసంబంధం ఉన్నవాళ్ళందర్నీ, వాళ్ళకి సంబంధించినవాళ్ళనీ ఒక్క మంత్రంతో చంపేశారు. లోకంలో ఉన్న నల్ల డ్రాగన్లలో నాలుగో వంతు పోయాయి. గుడ్లతో సహా. చాలాకాలం తర్వాత ఎడారిలో పిరమిడ్ దగ్గరికెళ్తే అక్కడ కాపలా ఉన్న మనుషుల కుటుంబం మొత్తం శవాలై ఉంటుంది, వాళ్ళ వంశంలో ఎక్కడో డ్రాగన్ రక్తం కలిసింది, ఈ మంత్రమే వాళ్ళనీ తీసుకుపోయింది. జనమేజయుడి సర్పయాగం గుర్తొచ్చిందా, నాకూ వచ్చింది, కానీ అక్కడ ఆపడానికి ఆస్తీకుడు వచ్చాడు.

ఇక అసలు పాయింట్. ఆ పిశాచాలు ముందే చెప్పారు, ఈ ఆత్మల దుర్మార్గం నీ మీద కొంచెం ప్రభావం చూపించొచ్చు అని. తర్వాత వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటూ నవ్వుకుంటారు, అలాంటి ప్రభావం ఏమీ లేదు, ఒక సాకు ఇచ్చాం అంతే, మిగతాది తనే చేసుకున్నారు అని. మందు తాగి తిట్టినోడు పొద్దున్నే మందు మీద తోస్తాడే, సరిగ్గా అదే, కాకపోతే ఇక్కడ సీసాలో ఉన్నది నీళ్ళు.

మరి ఈవిల్ అని రాసేయొచ్చు కదా? నాకు అలా రాయడం వి గారికి చేసే సాయంలా కనిపిస్తుంది. ఈవిల్ అన్న ముద్ర పడితే, ఓహో చెడ్డోళ్ళు చేసే పని చెడ్డోళ్ళు చేశారు అని ఫైలు మూసేస్తాం. న్యూట్రల్ గడిలో కూర్చున్న, పిల్లల్ని ప్రేమించే, చదువుకున్న ఒక మనిషి ఇది చేశారన్నదే భయం. ఒక్క పని ఎంత ఘోరమైనా గడి ఆటోమేటిక్‌గా మారదు, తర్వాత ఆ మనిషి ఏం చేస్తారన్నది చూడాలి. వి గారు ఆ శవాల దగ్గర కూలబడ్డాక సాకులు ఆపేశారు, నేనే చేశా అన్నారు. మీకో చెప్పలేని మాట అది. పోయినవాళ్ళు తిరిగి రారు, అప్పు కూడా తీరలేదు.

బై ద వే, దీనికంటే ముందే లొంగిపోయిన కుబోటా అనే ప్రభువుని విచారణ లేకుండా బూడిద చేసిన సంగతి మర్చిపోకండి, అప్పుడు ఎలన్ ముఖం చూస్తేనే అర్థమవుతుంది ఏదో విరిగిందని.

రెడ్‌క్లోక్ మీద జాలేస్తోంది, నేను చెడ్డోణ్ణా?

కాదు, రచయిత అలాగే రాశాడు. గోబ్లిన్ కుర్రాడు, పూజారిగా దీక్ష తీసుకున్న రోజే పాలడిన్లు వచ్చి వాళ్ళ ఊరిని నరికేశారు, పిల్లల్ని కూడా. దేవుళ్ళు మమ్మల్ని పుట్టించిందే మంచోళ్ళు చంపి లెవెల్ పెంచుకోవడానికి అని అతని నమ్మకం, ఆటలో గోబ్లిన్ల పాత్ర చూస్తే కాదని ఎలా అంటాం? ఫిర్యాదు న్యాయమైనదే. కానీ ఆ న్యాయం కోసం సొంత తమ్ముణ్ణి చంపుకున్నాడు, ఖైదీ అయిన పాలడిన్ ఓ-చుల్‌ని నెలల తరబడి హింసించాడు, హాబ్‌గోబ్లిన్లని చీమల్లా చావనిచ్చాడు. వాళ్ళలో ఒకడు తన ప్రాణమిచ్చి అతన్ని కాపాడాకే నేనూ అదే తప్పు చేస్తున్నా అని కళ్ళు తెరుచుకున్నాయి, అదీ కొంచెమే. డర్కన్ రాజీ ప్రతిపాదన తెస్తే కాదన్నాడు, ఎందుకంటే ఇప్పుడు ఆగితే తమ్ముడి చావు వృథా అని ఒప్పుకున్నట్టే. నష్టాల చిట్టీలో డబ్బు కడుతూనే ఉన్నవాడి బాధ. లాఫుల్ ఈవిల్.

జైకన్?

కేయాటిక్ ఈవిల్, చర్చే లేదు. బోర్ కొడితే చంపుతాడు.

టార్క్విన్ భలే ఉంటాడు కదా, హుందాగా, కొడుకంటే ప్రేమ...

అందరం పడ్డాం ఆ వలలో. ఎలన్ వాళ్ళ నాన్న, మర్యాదస్తుడు, జోకులేస్తాడు, భోజనం పెడతాడు. రాత్రికి కొడుకు పేరుని కొండ మీద మంటల అక్షరాలతో రాయిస్తాడు, దగ్గరగా చూస్తే ఆ మండేవి మనుషులు. లాఫుల్ ఈవిల్ అంటే ఏంటో ఆ ఒక్క పేజీ చెప్తుంది, పద్ధతి పక్కాగా ఉంటుంది, ఆ పద్ధతి కింద ఎవరున్నారన్నది లెక్కలోకే రాదు. ఇంకో కొడుకు నేల్ నీ సాయం అక్కర్లేదు అన్నందుకు పొడిచేశాడు కూడా.

కొత్త ఎడిషన్లలో ఎలైన్‌మెంట్ తీసేశారట కదా?

పూర్తిగా కాదు. 2008లో నాలుగో ఎడిషన్‌లో తొమ్మిదిని ఐదు చేశారు, 2014లో ఐదో ఎడిషన్ మళ్ళీ తొమ్మిదికి వచ్చింది, కానీ రూల్స్‌లో దాని పవర్ బాగా తగ్గిపోయింది, పాలడిన్ ఇప్పుడు ఏ గడిలో ఉన్నా ఆడొచ్చు. కామిక్ మాత్రం 3.5లోనే ఉండిపోయింది, అదే మంచిదైంది, ఈ గొడవలన్నీ పుట్టేది అక్కడే.

ఇంతమందిలో అసలు సిసలు మంచోళ్ళు ఎవరు, ఒక పేరు చెప్పు?

ఓ-చుల్ అంటారు అందరూ, నేనూ కాదనను. కానీ నా ఓటు డర్కన్ వాళ్ళమ్మ సిగ్డీకి. కనపడేది కొన్ని పేజీలే. యుద్ధంలో చెయ్యి పోయింది, చేతికి సొమ్ము వచ్చింది, దాంతో చెయ్యి మళ్ళీ మొలిపించుకోవచ్చు, కొడుకుతో హాయిగా బతకొచ్చు. ఆవిడ ఆ సొమ్మంతా పెట్టి తనకి ఏమీ కాని ఐదుగురు చచ్చిపోయిన మరుగుజ్జుల్ని బతికించింది. డర్కన్ చిన్నప్పుడు పేదరికంలో పెరిగింది అందుకే, ఇంటికొచ్చే మామయ్యలూ అత్తయ్యలూ అనుకున్నవాళ్ళు ఆ ఐదుగురే. ఈ సంగతి ఆవిడ తనంతట తను కొడుక్కి చెప్పలేదు, వాడు పెద్దయ్యాక విసుగొచ్చి అడిగితే అప్పుడు చెప్పింది. ఒంటిచేత్తోనే.